అర్జీ తెలుగులో... జవాబు ఇంగ్లీషులో!

పెద్దకడుబూరు: పనిమీద ఆదోనిలో బస్సు దిగిన రైతు ముందుగా వెదుక్కునేది ఆఫీసును కాదు, చేతిలోని కాగితం చదివిపెట్టే మనిషిని. బ్యాంకు నోటీసైనా, ఆసుపత్రి చీటీ అయినా, సెల్‌ఫోనుకు వచ్చిన సందేశమైనా తరచు ఇంగ్లీషులోనే ఉంటుంది. చదివి చెప్పినవాడికి టీ ఇప్పించాలి. అర్జీ రాసినవాడికి డబ్బివ్వాలి. అతడు ఉన్నది ఉన్నట్టు చదివాడో లేదో తెలుసుకునే దారి మాత్రం లేదు. గడువు దాటాక వెళితే ‘ముందే ఎందుకు రాలేదయ్యా?’ అని కౌంటరులో కసురుకుంటారు. గడువు తేదీ ఆ కాగితంలోనే ఉంది, రైతుకు రాని భాషలో!

ఈ సీమకు భాషల తంటా కొత్తకాదు. ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోనిది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. ఇంట్లో తెలుగో కన్నడమో, పట్నం బజారులో ఉర్దూ... ఇలా రెండు మూడు భాషలతో బేరసారాలు నెట్టుకొచ్చేవారు ఇక్కడ కొల్లలు. అలాంటివారు కూడా ఆఫీసు గుమ్మంలో చదువురానివారి కింద లెక్క కావడం విడ్డూరం.

చట్టం లేక కాదు. రాష్ట్ర అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడగా వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షులయ్యారు. 2022లో ఉర్దూను రెండో అధికార భాష చేశారు. రెవెన్యూ ఆఫీసులో తెలుగు ఫరవాలేదు. అడంగల్, 1-బి తెలుగులోనే చూసుకోవచ్చు. చిక్కల్లా బ్యాంకుల్లో, పెద్దాసుపత్రుల్లో.

ఫారాలు ఇంగ్లీషు, హిందీ, ప్రాంతీయ భాష మూడింటిలోనూ ఉంచాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. తెలుగు ఫారం అడిగి తీసుకోవచ్చు. ఆ మాట తెలిసినవారెందరు? ఈ విషయంలో మందుల షాపు కుర్రాళ్లే నయం. చదువురానివారికి కవరు మీద పూటకొక గీత గీసి మాత్రలు లెక్కపెట్టి ఇస్తారు.

పంట సంగతులకు కిసాన్ కాల్ సెంటరు ఉంది. 1800-180-1551కి ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోను చేసి తెలుగులో అడగవచ్చు. ఖర్చులేదు.

అన్నిటికన్నా గట్టి ఆయుధం 2005 నాటి సమాచార హక్కు చట్టం. మన అర్జీ ఏమైందో దీనికింద తెలుగులోనే అడగవచ్చు. రాయడం రాకపోతే నోటితో చెప్పినది కాగితం మీద పెట్టేందుకు ఆ ఆఫీసు సమాచార అధికారే సాయపడాలి. అది ఆయన దయకాదు, చట్టంలోని 6వ సెక్షను. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రభుత్వ బ్యాంకులకూ ఇది వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో రూ.5, ఆపైన రూ.10. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు రుజువు చూపితే ఎక్కడా ఏమీ కట్టనక్కరలేదు.

అర్జీ ఇచ్చిన రోజే తేదీ, ముద్ర వేసిన రశీదు అడిగి తీసుకోవాలి. అది చేతిలో లేకపోతే ఆ 30 రోజులు ఎప్పటినుంచో తేలక మళ్ళీ ఆదోని బస్సెక్కాల్సి వస్తుంది.