పేరు రాసే గడి

కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న యువతీ యువకులతో ఈ పూట నాలుగు మాటలు పంచుకుందాం. నాందేడ్‌లో శ్రీ గురు గోబింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్ కళాశాల 1981 నుంచి ఉంది. 1994లో స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వచ్చింది. చదువు ముగించిన పిల్లల చేతికి మొదట వచ్చే పని చాలాసార్లు ఒక వెబ్ ఫారమే. ఆసుపత్రికో, బడికో, సహకార సంఘానికో. ఆ ఫారంలో మొదటి గడి పేరు. అందరూ తేలిక అనుకునేది ఆ గడినే, చిక్కులు మొదలయ్యేదీ అక్కడే.

మన జిల్లా సంగతి మీకు తెలియనిది కాదు. 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న జిల్లా. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు ఎన్నో కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఒకే మనిషి పేరు అమ్మమ్మ నోట ఒక తీరు, హాజరు పుస్తకంలో మరో తీరు. కాగితాల కాలంలో గుమాస్తా చూసి, "ఓహో, ఈయనే" అని పోల్చుకునేవాడు. కంప్యూటరుకు ఆ చూపు లేదు. ఆసుపత్రిలో పాత నమోదు దొరక్కపోతే కొత్త చీటీ రాస్తారు. ఆ రోగికి ఫలానా మందు పడదని పాత నమోదులో రాసి ఉన్నా, డాక్టరు కంట పడదు. చిన్న గడే కదా అని తీసిపారేయకండి.

ముందు గడిని ఎలా విడగొడుతున్నారో చూడండి. ఇక్కడి ఫారాల్లో మామూలుగా మూడు భాగాలుంటాయి: సొంత పేరు, తండ్రి పేరు, ఆడనావ్. తెలుగు వారు ఇంటిపేరు ముందు చెబుతారు. కొందరు దాన్ని ఒక్క పొడి అక్షరంగానే వాడతారు. ఇంటిపేరు ఏమిటంటే "ఏమో బాబూ" అనే ముసలమ్మలూ ఉన్నారు. మూడు గడులూ తప్పనిసరి చేస్తే, నింపేవాడు ఒక చుక్క పెట్టి ముందుకు పోతాడు. ఆ చుక్క తర్వాత అన్ని కాగితాల్లోనూ ఇంటిపేరై కూర్చుంటుంది. పూర్తి పేరుకు ఒకే గడి పెట్టండి. మనిషి ఎలా చెబితే అలా రాయనివ్వండి. పై అధికారులకు విడివిడిగా కావాలంటే దానికి వేరే గడి ఉంచండి.

ఇక నిడివి. లక్ష్మి అనే పేరు మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో అది ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు, కనుక మొత్తం 21. ఒరాకిల్ వంటి డేటాబేసులో గడి నిడివిని, వేరే చెప్పకపోతే, బైట్లలోనే కొలుస్తారు. 20 అని పెడితే లక్ష్మి పట్టదు! పేరులో మొదటి అక్షరం తీసి గుర్తింపు కార్డు మీద వేయాలనుకుంటారు, శ్రీనివాస్‌కు ఉత్త "శ" మిగులుతుంది. సంకేతాన్ని కాక, కంటికి కనిపించే అక్షరాన్ని కొలిచే సాధనాలు ఇప్పుడు చాలా భాషల్లో ఉన్నాయి. వాటినే వాడండి.

మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ 2018లో వచ్చింది. అంతకు ముందు మనం ఏమీ చెప్పకపోతే పట్టిక లాటిన్-1 పద్ధతిలో తయారయ్యేది. అటువంటి పాత పట్టికలు ఇంకా మీ చేతికి రావచ్చు. తెలుగు పేరు తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తున్నాయా? కంగారు పడకండి, లోపల బైట్లు చాలావరకు క్షేమంగానే ఉంటాయి, చదివే పద్ధతి తప్పింది. వరసగా ప్రశ్నార్థకాలే నిల్వ అయి ఉంటే మాత్రం పేరు పోయినట్టే. మళ్లీ ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిందే.

అసలు కథ రెండు లిపుల దగ్గర ఉంది. యూనికోడ్‌లో భారతీయ లిపుల వరస 1988 నాటి ఇస్కీ అనే మన దేశపు పద్ధతి నుంచి వచ్చింది. అందుకే తెలుగు "క" సంఖ్య 3093, దేవనాగరి "క" సంఖ్య 2325. తేడా 768. దాదాపు ప్రతి అక్షరానికీ ఇదే తేడా. 768 తీసేస్తే తెలుగు పేరు దేవనాగరిలో వచ్చేస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. నేనూ మొదట్లో ఇది గొప్ప ఉపాయమని మురిసిపోయాను.

కొండావార్ అనే ఇంటిపేరు తీసుకోండి. తెలుగులో "కొ" హ్రస్వం. ఆ ఒత్వం గుర్తులోంచి 768 తీస్తే 2378 వస్తుంది. దేవనాగరిలో ఆ గుర్తు ఉంది గాని మరాఠీలో వాడరు. మరాఠీలో రాసేవారు దీర్ఘమైన ఓత్వమే పెడతారు, దాని సంఖ్య 2379. ఒక్క అంకె తేడా. పైగా మనం చివర "ర్" అని పొల్లు పెడతాం, వారు పెట్టరు. మరాఠీలో టైపు చేసి వెతికితే ఆ మనిషి దొరకడు. అలాగే ఎల్లయ్యలోని "ఎ" కూడా.

దీనికి చేయవలసింది ఇది. చెప్పిన పేరును చెప్పినట్టే ఒక గడిలో దాచండి, దాని మీద చెయ్యి వేయకండి. పక్కన, ఎవరికీ కనిపించని మరో గడిలో వెతుకులాట కోసం ఒక తాళంచెవి తయారు చేయండి. రెండు లిపులనూ ఒక లిపికి తెచ్చి, హ్రస్వ దీర్ఘ ఎ, ఒ లను ఒకటి చేయండి. చివరి పొల్లు, కంటికి కనిపించని జీరో విడ్త్ గుర్తులు తీసేయండి. తెలుగు ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు ముక్కలుగానూ నిల్వ చేయవచ్చు. నార్మలైజ్ అనే ఫంక్షను రెంటినీ ఒకటి చేస్తుంది. ఇలా చేస్తే వేరువేరు మనుషులు ఒకే తాళంచెవికి దొరకడమూ జరుగుతుంది. అందుకని కంప్యూటరును తీర్పు చెప్పనివ్వకండి. దొరికిన పేర్లన్నీ ఊరు, పుట్టిన సంవత్సరంతో సహా చూపించి, ఎంచుకోవడం గుమాస్తాకు వదలండి.

ఫారం సిద్ధమయ్యాక లక్ష్మి, శ్రీనివాస్, ఎల్లయ్య, మైసమ్మ, కొండావార్ అని అయిదు పేర్లు తెలుగులో ఎక్కించండి. తర్వాత మరాఠీ కీబోర్డు మీద మరొకరిని కూర్చోబెట్టి, అయిదుగురినీ వెతకమనండి.