గోడకు ఎక్కిన నెమ్మే పిల్లగాని ఛాతికి దిగుతది

మన భాషల నెమ్ము అని ఒక మాట ఉన్నది. గోడ తడి పట్టి నల్లబడితే "గోడకు నెమ్మెక్కింది" అంటం. పసిపిల్ల ఎగపోసుకుంట దగ్గితే "నెమ్ము చేసింది" అని దవాఖానకు ఉరుకుతం. ఒకటే మాట రెండింటికి ఎట్లొచ్చిందో పండితులు చెప్పాలె. డాక్టర్లు చెప్పేది మాత్రం సాఫ్ ఉన్నది: ఆ రెండు నెమ్ములకు సంబంధం ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009ల ఇంట్లోని తేమ, బూజు మీదనే ఒక మార్గదర్శక పుస్తకం తెచ్చింది. తడి గోడల ఇండ్లల్ల ఉండేటోళ్ళకు దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువ వస్తయని అండ్ల చెప్పిన్రు. మనం మాత్రం దగ్గుకు సిరప్ తాపుతం, గోడకు సున్నం ఏస్తం. రెండూ మళ్ళొస్తయి. ఎందుకు మళ్ళొస్తయో అడగం.

తమ్ముళ్ళు, చెల్లెండ్లు, ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

బండల ఊర్ల నీళ్ళు ఎట్ల దూరుతయి?

మన బషీరాబాద్, తాండూరు దిక్కు బండకు కొదువ లేదు. ఇంటి ముందు అరుగు బండనే, ఇంట్ల నేల బండనే, శానా ఇండ్లకు గోడ బండనే, పాత ఇండ్లకు కప్పు గూడ బండనే. నాపరాయి గట్టిది, దాంట్లకెల్లి నీళ్ళు తొందరగ దిగయి. నీళ్ళు దిగేది బండకు బండకు నడుమ ఉన్న సందులకెల్లి. ఎండకు ఆ సందుల పెట్టిన సిమెంటు పగులుతది, మొదటి ముసురుకే కారుడు షురువైతది. నేల బండల కింద మన్ను తడిస్తే ఆ చెమ్మ సందులల్లకెల్లి పైకొస్తది.

ఇంకోటి మన నేల. కందికి పేరు తెచ్చిన నల్లరేగడి ఇంటికి మాత్రం కష్టం తెస్తది. వానకు ఉబ్బుతది, ఎండకు కుంగుతది. పునాది కదిలి గోడ నెర్రెలు బాస్తది. నెర్రె పడ్డదంటే వాననీళ్ళకు తొవ్వ దొరికినట్టే.

మట్టితోని కట్టిన పాత గోడకు ఇప్పుడు బయట, లోపట సిమెంటు గిలాబు చేస్తున్నరు. చూస్తానికి నున్నగ ఉంటది. కాని లోపటికి పోయిన నీళ్ళు ఆరనీకి తొవ్వ మూసుకపోతది. కింద నుంచి నేల తడి దీపం వత్తి నూనెను గుంజినట్టు గోడల పైకి ఎక్కుతనే ఉంటది.

గోడ మీద పెరిగేది ఏంది?

బూజు అంటే ఫంగస్. ఊరగాయ మీద, పాత రొట్టె మీద వచ్చే దాని చుట్టమే. దాని విత్తులు కంటికి కనపడయి, గాలిల ఎప్పుడూ తిరుగుతనే ఉంటయి. ఏ ఇంట్లకెల్లి గూడ వాటిని పూర్తిగ ఎల్లగొట్టలేం. వాటికి తిండి గూడ కష్టం కాదు. దుమ్ము, రంగు, కట్టె, కాయితం, బట్ట ఏదైనా చాలు. వాటి ప్రాణం నీళ్ళల్ల ఉన్నది. తడిసిన వస్తువు 24 గంటల నుంచి 48 గంటల లోపల ఆరకపోతే బూజు మొలుస్తది. అంటే మనం కొట్లాడాల్సింది బూజుతోని కాదు, నీళ్ళతోని.

గోడ అడుగున తెల్లగ పిండి లెక్క రాలేదంతా బూజు కాదు. అది ఉప్పు, సౌడు. నీళ్ళు చల్లితే కరిగిపోతది. దాంతోని ఊపిరికి పెద్దగ నష్టం లేదు గానీ ఆ గోడల తడి ఎక్కుతున్నదని అది సాక్ష్యం. బూజైతే మచ్చలు మచ్చలుగ, నల్లగనో పచ్చగనో ఉంటది, మక్కిన వాసన కొడ్తది. ఇంట్లకు అడుగు పెట్టంగనే ఆ వాసనొస్తే, కంటికి కనపడకున్నా అల్మారా ఎనుకనో, అటక మీదనో ఉన్నట్టే లెక్క.

ఎవరికి ఎంత ముప్పు?

భయపెట్టుడు నా పని కాదు. గోడ మీద నల్ల మచ్చ చూసి "బ్లాక్ ఫంగస్" అని వాట్సప్‌ల తిప్పేటోళ్ళు ఉన్నరు. అది తప్పు. 2021 మే నెలల మన రాష్ట్ర సర్కారు ఆ జబ్బును నోటిఫై చేసింది, కోఠి ఈఎన్‌టీ దవాఖాన రోగులతోని నిండింది. ఆ జబ్బు పేరు మ్యూకర్‌మైకోసిస్. అది షుగర్ అదుపుల లేనోళ్ళకు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినోళ్ళకు ముఖ్యంగ వచ్చింది. గోడకు పట్టే నల్ల బూజు మామూలుగ వేరే జాతి. రంగు నలుపైనంత మాత్రాన రెండూ ఒకటి కాదు.

మరి ముప్పు ఎవరికి? మొదటి వరుసల చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నోళ్ళు, ముసలోళ్ళు. బూజు విత్తులు ఊపిరిలకు పోతే తుమ్ములు, ముక్కు కారుడు, కండ్ల మంట, ఆగని దగ్గు. ఉబ్బసం ఉన్నోళ్ళకు అది రాత్రిపూట ఎగదోస్తది. చంటిపిల్లలు రోజుల ఎక్కువ సేపు ఇంట్లనే ఉంటరు, గోడ పొంటి ఏసిన పరుపు మీదనే పంటరు. పొయ్యిల తడి కట్టెల పొగ గూడ దానికి కలిస్తే ఆ లేత ఊపిరితిత్తుల గతేందో ఆలోచించుండ్రి.

రెండో వరుసల టీబీ వచ్చి తగ్గినోళ్ళు ఉన్నరు. టీబీ కొందరి ఊపిరితిత్తులల్ల గుంతలు మిగులుస్తది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఆ గుంతలల్ల కాపురం పెడ్తది. దగ్గు, బరువు తగ్గుడు, కళ్ళెల రక్తం వస్తే "టీబీ మళ్ళొచ్చింది" అనుకుంటరు, మళ్ళ టీబీ గోలీలే మింగుతరు. టీబీ తగ్గినంక ఇట్లయితే కళ్ళె పరీక్షతోని ఆగకుండ, ఇది ఫంగస్ గావచ్చునా అని డాక్టర్‌ను అడగాలె. బండల గనులల్ల, పాలిషింగ్ మిషన్ల కాడ పనిచేసేటోళ్ళ ఊపిరి దుమ్ముతోని ముందే దెబ్బతిని ఉంటది. వాళ్ళు ఇంటికొచ్చి గూడ తడి గాలే పీలుస్తే ఊపిరికి తెరిపి ఏడిది?

దమ్ము రాంగనే సూది ఏయించుకునే అలవాటు గూడ మానాలె. ఊర్లల్ల కొందరు వైద్యులు మాటిమాటికి స్టెరాయిడ్ సూదులు, గోలీలు ఇస్తరు. అప్పటికప్పుడు హాయిగ ఉంటది. ఏండ్లకేండ్లు వాడితే షుగర్ పెరుగుతది, ఒంట్ల రోగంతోని కొట్లాడే బలం తగ్గుతది. అసుంటి ఒంటి కోసమే ఫంగస్ కాసుకోని కూసుంటది. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ అంటే భయపడొద్దు. అది మందును నేరుగ ఊపిరితిత్తులకు పంపుతది గనుక తక్కువ మోతాదుతోనే పనైతది.

ఇంటిని మనమే తనిఖీ చేద్దాం

బూజు చూసేతందుకు మీటర్లు, కెమెరాలు పట్టుకోని వచ్చే కంపెనీలు పట్నంల దొరుకుతయి. అది ఏ రకం బూజో తేల్చే పరీక్షకు పైసలు పెట్టుడు మనసుంటోళ్ళకు అక్కర లేదు. ఏ రకమైనా చేయాల్సిన పని ఒకటే: నీళ్ళను ఆపాలె, బూజును తీసెయ్యాలె. నీళ్ళు ఎక్కడికెల్లి వస్తున్నయో గోడనే చెప్తది, చదువుడు రావాలె.

తడి నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా, గోడ పొడుగునా ఉంటే అది భూమిలకెల్లి ఎక్కుతున్న చెమ్మ. పై మూలల ఉంటే కప్పు కారుతున్నది. కిటికీ చుట్టు ఉంటే సజ్జ పొట్టిదో, చౌకట్ పొంటి సందున్నదో చూడాలె. ఎండకాలం గూడ ఒక్క తాననే తడి ఉంటే ఆ గోడల పైపు పగిలింది, లేకుంటే అవతల బాత్రూం ఉన్నది. అల్మారా ఎనుక, మూటల ఎనుక మాత్రమే ఉంటే అక్కడ గాలి ఆడుతలేదు.

అనుమానముంటే ఒక పని చేయుండ్రి. జానెడు ప్లాస్టిక్ కవర్ ముక్కను గోడకు పెట్టి నాలుగు దిక్కుల టేపు అతికించుండ్రి. ఒకటి రెండు రోజులైనంక చూడుండ్రి. కవర్‌కు గోడ దిక్కు నీటి బొట్లుంటే తడి గోడలకెల్లి వస్తున్నది. బయటి దిక్కు ఉంటే ఇంట్ల గాలిలనే తేమ ఎక్కువున్నది, వంట ఆవిరి, ఇంట్ల ఆరేసిన బట్టలు దానికి కారణం గావచ్చు. తడి మచ్చ చుట్టు పెన్సిల్‌తోని గీత గీసి తారీకు రాయుండ్రి. 15 రోజులకు మళ్ళ చూసి ఫోటో తీయుండ్రి. మీ చేతిల ఉన్న ఫోన్ ఇంతకన్న మంచి పనికి రాదు.

తొవ్వ తెలిసినంకనే రిపేరు. కప్పు సందులు, నెర్రెలు ఎండకాలంలనే పూడ్వాలె. ఇంటి చుట్టు నీళ్ళు గోడకు దూరం పోయేటట్టు వాలు ఉండాలె. అల్మారాను గోడకు బెత్తెడు దూరం జరపాలె. వాన ఎలిసినప్పుడు రెండు దిక్కుల కిటికీలు తెరవాలె. తడి ఆపకుండ పుట్టీ పెట్టి రంగేస్తే పైసలు గోడకు పోసినట్టే, ఆరు నెలలల్ల పొక్కులొచ్చి రాలుతది.

మూడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు దాకా ఉన్న బూజును మనమే కడుక్కోవచ్చు. అంతకన్న ఎక్కువుంటే తెలిసినోళ్ళ సాయం తీసుకోవాలె. ముక్కుకు మంచి మాస్కు, చేతులకు గ్లౌజులు ఉండాలె. పిల్లలను, దమ్మున్నోళ్ళను బయటికి పంపాలె. ఎండు చీపురుతోని గీకొద్దు, విత్తులు ఇల్లంత లేస్తయి. ముందు తడిపి, సబ్బు నీళ్ళతోని రుద్ది, బాగ ఆరబెట్టాలె. బ్లీచింగ్‌ను, బాత్రూం యాసిడ్‌ను ఎప్పుడూ కలపొద్దు. వాటిని కలిపితే క్లోరిన్ గ్యాస్ లేస్తది, అది ప్రాణాలు తీస్తది.

తప్పు ఇంటి ఆడిదాని మీదికి తోయొద్దు

ఇంట్ల బూజు పడితే "కోడలు ఇల్లు సరిగ ఉంచదు" అంటరు. కిరాయి ఇంట్లైతే "మీరే నీళ్ళు ఎక్కువ చల్లుతున్నరు" అంటడు ఓనర్. ఈ మాట మన దేశంలనే కాదు, ఇంగ్లండ్‌ల గూడ విన్నం. అక్కడి రాచ్‌డేల్ ఊర్ల అవాబ్ ఇషాక్ అనే రెండేండ్ల పిల్లగాడు 2020 డిసెంబర్‌ల సచ్చిపోయిండు. ఇల్లు పేదోళ్ళకు కిరాయికిచ్చే హౌసింగ్ సంస్థది. బూజు ఉన్నదని తండ్రి ఏండ్ల సంది మొత్తుకున్నడు. రంగేసుకోమన్నరు, మీ బతుకు తీరు వల్లనే బూజు వస్తున్నదనుకున్నరు. బూజుల శానా కాలం ఉండుట్ల వచ్చిన ఊపిరి జబ్బుతోనే పిల్లగాడు పోయిండని 2022 నవంబర్‌ల విచారణ అధికారి తేల్చింది. ఆ పిల్లగాని పేరు మీదనే అక్కడ చట్టమొచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి అమలైతున్నది. అసుంటి హౌసింగ్ ఇండ్లల్ల పెద్ద తేమ, బూజు ఉన్నదని చెప్తే 10 పనిదినాలల్ల తనిఖీ చేయాలె, తనిఖీ అయినంక 5 పనిదినాలల్ల ముప్పు తప్పించాలె. ప్రాణం మీదికొచ్చే ప్రమాదమైతే 24 గంటలల్ల దిగాలె.

మనకు అసుంటి చట్టం రాలే. అయినా అడిగే జాగలు ఉన్నయి. ఇందిరమ్మ ఇండ్ల కింద సర్కారు 5 లక్షలు ఇస్తున్నది. ఒక్కో దశకు సిబ్బంది వచ్చి ఫోటో తీసి యాప్‌ల ఎక్కించినంకనే పైసలు పడ్తయి. అంటే తనిఖీ అప్పటికే ఉన్నది. గోడ ఎంత లేసిందని చూసే కండ్లతోనే, ఆ గోడకు నెమ్ము ఎక్కకుండ ఏం చేసిన్రని గూడ చూడుమని అడగాలె. పునాది అయిపోయి గోడ మొదలుపెట్టే ముందు, నీళ్ళు పైకి రాకుండ వాటర్‌ప్రూఫ్ కలిపిన కాంక్రీటు పొర ఏస్తరు. మేస్త్రీలు డీపీసీ అంటరు. గోడ లేసినంక అది ఏసుడు శానా కష్టం, ఖర్చు గూడ. ఇంటి అడుగు చుట్టున్న నేల కన్న కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తుండాలని, ఉక్కపోత ప్రాంతంల కిటికీలు గది నేలల ఆరో వంతుండాలని, ఎండ ప్రాంతంల పదో వంతన్నా ఉండాలని జాతీయ బిల్డింగ్ కోడ్ చెప్తది. ఇల్లు మంజూరైనోళ్ళు ఈ మూడు మాటలు మేస్త్రీకి ముందే చెప్పుండ్రి.

సీసీ రోడ్డు ముచ్చట గూడ ఉన్నది. పాత రోడ్డు తవ్వకుండ దాని మీదనే కొత్తది పోస్తే గల్లీ ఎత్తయితది, ఇండ్లు గుంతల పడ్తయి. వాననీళ్ళు మోరీలకు పోకుండ గడప దాటి ఇంట్లకొస్తయి. ఇది ఏ ఇంటోళ్ళ తప్పూ కాదు. రోడ్డు పోసేటప్పుడే ఎత్తెంత, మోరీ ఏడ అని గ్రామసభల అడగాలె. ఊరి బడి, అంగన్‌వాడీ కప్పు కారుతుంటే ఫోటో, తారీకు పెట్టి రాసిచ్చి రసీదు తీసుకోవాలె. పని ఎందుకు ఆగిందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు.

అనంతగిరి గుట్ట మీద టీబీ దవాఖాన కట్టింది అక్కడి గాలి మంచిదని. ఊపిరికి మందెంత ముఖ్యమో గాలి గూడ అంతే ముఖ్యమని మన జిల్లాకు ఎప్పటి సందో ఎరుకే. ఆ గాలి గుట్ట మీదికి పోయినోళ్ళకే ఎందుకు ఉండాలె? కూలి చేసి వచ్చి పండుకునే గదిల గూడ ఉండాలె. ఈ వానకాలం మీ ఇంటి నాలుగు గోడలు ఒకసారి చూడుండ్రి, పక్కింటి ముసలవ్వ గోడలు గూడ చూసి రాండ్రి. చూసింది రాసుకోని వచ్చే గ్రామసభకు పట్టుకపోండ్రి.