రెండక్షరాల ఆదేశాలు ఎక్కడివి?

లినక్స్‌లో మొదటిసారి టెర్మినల్ తెరిచినవాళ్లకు రెండు విషయాలు చిరాకు తెప్పిస్తాయి. ఆదేశాలన్నీ ఎల్ఎస్, సీపీ, ఎమ్‌వీ, ఆర్ఎమ్ అంటూ పొడి అక్షరాలే. పైగా చెప్పిన పని చేశాక అది ఉలకదు, పలకదు. ఈ పిసినారితనానికి మూలం టెలిటైప్ మోడల్ 33 అనే యంత్రం.

అమెరికాలో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు 1969 ప్రాంతంలో దీంతోనే కంప్యూటర్‌కు పని చెప్పేవారు. దానికి తెర లేదు, కాగితపు చుట్ట ఉండేది. మీటలు బలంగా నొక్కితేగానీ దిగేవి కావు. సెకనుకు 10 అక్షరాలు మాత్రమే టకటకా అచ్చయ్యేవి. ఇరవై అక్షరాల కబురుకు రెండు సెకన్లు పట్టేచోట ‘పని పూర్తయింది’ అని చెప్పడం కూడా దుబారాయే. అందుకే తప్పు జరిగితేనే మాట్లాడాలి, లేకుంటే ఊరుకోవాలి. ప్రోగ్రాములు ఫైలు సృష్టించడానికి వాడే ‘క్రియేట్’ అనే సిస్టం కాల్‌లో చివరి ‘ఈ’ అక్షరం కూడా ఎగిరిపోయింది. లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్‌ను మళ్లీ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ అక్షరం పెడతానని కెన్ థాంప్సన్ చమత్కరించాడు.

ఆ థాంప్సనే యూనిక్స్‌కు ఆద్యుడు. మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టం ఎంతకీ తెమలకపోవడంతో బెల్ ల్యాబ్స్ 1969లో అందులోంచి తప్పుకుంది. ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 కంప్యూటర్ ఒకటి థాంప్సన్ కంటపడింది. ఆ ఏడాది భార్య పసిబిడ్డతో కాలిఫోర్నియాలోని అత్తామామల దగ్గరికి వెళ్లినప్పుడు, మూడు వారాల్లో యూనిక్స్ తొలి రూపాన్ని రాసేశాడు. తర్వాత డెన్నిస్ రిచీ తయారుచేసిన సీ భాషలోకి 1973లో దాన్ని తిరగరాయడంతో, వేరే కంప్యూటర్ల మీదికి తీసుకెళ్లడం తేలికైంది.

నన్నడిగితే యూనిక్స్‌లో అసలు గొప్ప సంగతి ఒక నిలువు గీత. తోటలో నీళ్ల గొట్టానికి ఇంకో గొట్టం బిగించినట్టు ప్రోగ్రాములనూ తగిలించుకోగలగాలని డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టాడు. ఏళ్ల తరబడి పోరాక, 1973లో థాంప్సన్ ఒక్క రాత్రిలో ఆ ‘పైపు’ను అమర్చాడు. కిరాణా కొట్టులో రోజంతా అమ్మిన సరుకుల పేర్లు వరసకొకటి చొప్పున ‘సరుకులు’ అనే ఫైల్లో ఉన్నాయనుకోండి. ఏది ఎక్కువ పోయిందో ఇలా తేలుతుంది:

సార్ట్ సరుకులు | యూనిక్ -సీ | సార్ట్ -ఎన్ఆర్

మొదటిది ఒకే పేర్లను పక్కపక్కన చేరుస్తుంది. రెండోది పక్కపక్కనున్న వాటిని మాత్రమే లెక్కపెట్టగలదు, అందుకే దానికి ముందు సార్ట్ ఉండాలి. చివరిది పెద్ద సంఖ్యను పైకి తెస్తుంది. ఏ ప్రోగ్రాముకీ మిగతావాటి సంగతి తెలియదు. (ఆదేశాలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి సుమా!)

తెలుగుకూ ఇక్కడ చుట్టరికం ఉంది. మన అక్షరాలను కంప్యూటర్లలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో రూపొందించింది థాంప్సన్, రాబ్ పైక్‌లే. ‘ఎకో అమ్మ | డబ్ల్యూసీ -సీ’ అని కొడితే 13 వస్తుంది. అ, మ, పొల్లు, మ... ఒక్కోదానికి మూడు బైట్లు, వరస ముగింపుకు ఒకటి.

నేర్చుకోవడానికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. మ్యాక్‌లో టెర్మినల్ ఉండనే ఉంది. విండోస్ 11లో డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుంటే లినక్స్ వచ్చేస్తుంది. తెలియని ఆదేశం ముందు ‘మ్యాన్’ అని చేరిస్తే దాని వివరమంతా కనిపిస్తుంది. ఒక్క ఆర్ఎమ్‌తో మాత్రం జాగ్రత్త. అది మామూలుగా ‘తీసెయ్యనా’ అని అడగదు, తీసేసినవాటిని రీసైకిల్ బిన్‌లోనూ వెయ్యదు. నక్షత్రం గుర్తుతో ఒకేసారి బోలెడు ఫైళ్లు తీసేసేముందు, అదే గుర్తుతో ఎల్ఎస్ కొట్టి ఏమేం పోతాయో చూసుకోండి.