ఇంట్లోనే పని, ఇంట్లోనే బిడ్డ: శనివారం సాయంత్రం ఏం చేయాలి?



మోత్కూర్ చుట్టుపక్కల మగ్గమున్న ఇండ్లలో తల్లిదండ్రులు పనికి బయటకు పోరు. పని ఇంట్లోనే, బిడ్డ కూడా ఇంట్లోనే. అందుకే "వారంలో ఒక పూట బిడ్డకే ఇవ్వండి" అని మేము చెబితే తల్లులు నవ్వుతారు. "పొద్దంతా ఇంట్లనే ఉంటున్నం గద సిస్టర్, ఇంకేం టైం ఇయ్యాలె?" అంటారు.

ఆసు పోసే తల్లిని చూడండి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజిపేట వాసి చింతకింది మల్లేశం గారు తన తల్లి పడే ఈ బాధ చూసే 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం చెయ్యి నొప్పిని తగ్గించింది గాని, దారం తెగుతుందేమోనని కండ్లు మాత్రం దారం మీదే ఉంటాయి. బిడ్డ "అమ్మా" అంటే తల్లి "ఊఁ" అంటుంది, చూపు తిప్పదు. కుట్టుమిషన్ దగ్గరి తల్లిదీ, కంప్యూటర్ ముందు కూర్చున్న తండ్రిదీ ఇదే సంగతి.

ఒకటి నుంచి మూడేండ్ల బిడ్డకు పెద్దవాళ్ళు పక్కన ఉంటే చాలదు. తాను వేలు చూపిన వైపు వాళ్ళు చూడాలి, అదేమిటో పేరు చెప్పాలి, తాను మళ్ళీ అంటే వినాలి. మాటలు వచ్చేది ఇట్లాగే. టీవీ ఎంత మాట్లాడినా బిడ్డకు బదులు చెప్పదు. ఎదురుగా ఉండి అందని మనిషి కోసమే బిడ్డ దారం లాగుతుంది, కండెలు చిందరవందర చేస్తుంది. మొండితనమని కొట్టకండి.

కాబట్టి శనివారం మగ్గం దిగే వేళ ఒకటి పెట్టుకోండి. చేతిపనుల వాళ్ళలో చాలామందికి అమావాస్యే సెలవు, కాని బిడ్డకు నెల చాలా దూరం.

దిగగానే ముందు రంగుల సామాను చూడండి. ఇది గట్టిగానే చెబుతున్నాము. సెలవు పూట బిడ్డ ఇల్లంతా తిరుగుతుంది. అద్దకంలో వాడే కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు మంచినీళ్ళ లాగే కనబడతాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి మూలకు పెడితే బిడ్డకు తేడా ఏం తెలుస్తుంది? ఒక్క గుక్కతో నోరు, అన్నవాహిక కాలిపోతాయి. పుండు మానేటప్పుడు అన్నవాహిక ముడుచుకుపోయి, తర్వాత ముద్ద దిగని పిల్లలుంటారు. తాగే సీసాల్లో ఎన్నడూ పోయవద్దు, తాళం వేసి అందనంత ఎత్తున పెట్టండి. ఒకవేళ తాగితే కక్కించవద్దు, పైకి వచ్చేటప్పుడు రెండోసారి కాలుస్తుంది. ఉప్పునీళ్ళు, నిమ్మరసం, చింతపండు పులుసు పోయవద్దు. నోరు నీళ్ళతో కడిగి, 108కి ఫోన్ చేసి, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకురండి. కంట్లో పడితే వెంటనే ధారగా మంచినీళ్ళతో అరగంట కడిగి, ఆ తర్వాత బయలుదేరండి. ఏడుపు ఆగింది గదా అని ఇంట్లో ఉండిపోవద్దు.

మగ్గం గుంత మీద పలక వేస్తే ఇక ఆటే. బొమ్మలు కొనక్కర లేదు. గిన్నెలు, పెద్ద ఖాళీ కండెలు, వాకిట్లో కోళ్ళు చాలు. గొంతులో అడ్డుపడేంత చిన్నవి మాత్రం ఇవ్వవద్దు. ఏడాది దాటిన బిడ్డ రోజుకు మూడు గంటలైనా ఆడుతూ తిరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది బిడ్డకు టీవీ, సెల్‌ఫోన్ అసలే వద్దు, రెండేండ్లు దాటాక గంటకు మించవద్దు అనీ చెప్పింది. ఒకటి రెండేండ్ల బిడ్డకు పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేండ్ల వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. సెలవని శనివారం రాత్రి పదకొండు దాకా మేలుకోనిస్తే ఆదివారం ఆరాధనలో ఏం జరుగుతుందో సంఘంలో అందరికీ తెలుసు! ఆదివారం బిడ్డ స్నానం నాన్న చేయిస్తే ఇద్దరికీ మంచిది.

పెండ్లిళ్ళ రోజుల్లో చీరలు తొందరగా ఇవ్వాల్సి వస్తుంది. అప్పుడు "ఈ కండె అయిపోగానే వస్తా" అని బిడ్డకు చెప్పండి, అయిపోగానే లేవండి. అట్లా కూర్చున్నప్పుడే బిడ్డను గమనించండి. పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా, "వాళ్ళ నాయనకూ ఆలస్యంగానే వచ్చినయి" అని ఊరుకోకుండా వినికిడి పరీక్షకు తీసుకురండి.