బూడిదతో గోడపలకలు

రామగుండము, గోదావరిఖని గృహిణులకు బూడిదను గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. గాలి వీచిన దినమున ఆరవేసిన చీరపైనను, మూత వేయని బిందెలోను అదియే గదా! సింగరేణి బొగ్గుతో నడచు జాతీయ విద్యుత్కేంద్రమునకు ఇచ్చట 1978లో శంకుస్థాపన జరిగెను. 1983లో విద్యుదుత్పత్తి ఆరంభమయ్యెను. నేడు దాని శక్తి 2600 మెగావాట్లు. మన దేశపు బొగ్గు కాల్చినచో నూటికి 30, 40 పాళ్లు బూడిదయే మిగులును. కుందనపల్లి చెంత బూడిద చెరువులు వెలసినది ఇందువలననే. తడి యారినచో ఆ బూడిద మరల గాలికెక్కును.

గోడలో చేరిన బూడిద మాత్రము ఎగురజాలదు. దానితో చేయదగిన తేలిక కాంక్రీటు పలకలను గూర్చి మేము మా సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ పద్ధతిని 1920 దశకమున స్వీడను దేశీయుడగు ఎరిక్సన్ అను వాస్తుశిల్పి రూపొందించెను. ఇడ్లీ వండువారికి ఇది సులభముగ బోధపడును. బూడిద, సున్నము, సిమెంటు నీటితో కలిపి, పిసరంత అల్యూమినియపు పొడి చేర్చుదురు. దానివలన హైడ్రోజను వాయువు పుట్టి, ముద్ద పులిసిన పిండివలె పొంగును. కొంత గట్టిపడిన పిమ్మట తీగలతో కోసి, మూసిన ఇనుప పాత్రలో సుమారు 190 డిగ్రీల ఆవిరిపై 8 నుండి 12 గంటలు ఉడికింతురు. పలకలకు బలముగా లోపల ఇనుప కడ్డీల నుంతురు.

ఘనమీటరు ఇటుకగోడ సుమారు 1900 కిలోలు తూగగా, ఇది 600, 700 కిలోలే తూగును. పునాదిపై భారము తగ్గును. లోపలి గాలిగుల్లల వలన ఎండవేడి మెల్లగ దిగును. వేసవిలో 45 డిగ్రీలు చూచు ఈ ఊర ఇది స్వల్పమైన మేలు కాదు. పొలముల పైమట్టిని ఇటుకలకై కాల్చుటయు తగ్గును. విద్యుత్కేంద్రములకు 50 కిలోమీటర్లలోపు చేయు మట్టి ఇటుకలలో నూటికి 25 పాళ్లకు తక్కువ గాకుండ బూడిద కలుపవలెనని 1999లో భారత ప్రభుత్వము శాసించుటకు ఈ మట్టిని కాపాడుటయు ఒక కారణము.

ఐనను మేస్త్రీతో మాటలాడు పని పురుషులకే విడిచి మనము వంటింట నుండరాదు. ఆ గోడతో దినమెల్ల మెలగువారము మనమే.

ఈ పలకలు నీటిని పీల్చును. కాన వెలుపలి అతుకులను దేనితో మూయుదురో, పైపూత ఏమి వేయుదురో అడుగవలెను. అతుకు విడినచో తొలివానకే లోపల చెమ్మ యగును. సామాన్యపు మేకు వీనిలో నిలువదు. అలమారలు, అటకలు ఎచ్చట రావలెనో ముందే చెప్పిన, తగిన మరలు బిగింతురు. కప్పు భారమును స్తంభములు, దూలములు మోయునా యని విచారింపవలెను. కోయునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు కీడు. ఆ చెంతకు బిడ్డలను పోనీయరాదు.

ఇరువైపుల రేకులు అంటించిన వేరొక జాతి పలకలును అంగళ్లలో గలవు. ఆ రేకులలో ఆస్‌బెస్టాసు కలదేమో తప్పక అడుగుడు. దాని నార ఊపిరిలో చేరినచో కాన్సరు కలుగునని వైద్యలోకము నిశ్చయించినది. బూడిద బాధ తప్పించుకొనబోయి అంతకంటె చెడ్డ ధూళిని ఇంట చేర్చుకొనరాదు గదా!

ఈ ప్రశ్నలు పునాది త్రవ్వకమునుపే అడుగుడు. గోడ లేచిన పిదప అడిగి ఫలము లేదు.