బిచ్చం అడిగితే పైసలు ఇవ్వాలా, వద్దా?

ఈ ఎపిసోడ్‌లో మనందరికీ దాదాపు రోజూ ఎదురయ్యే ఒక ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. గోదావరిఖని చౌరస్తాలో బండి ఆపుతారు. ఓ ముసలవ్వ వచ్చి చెయ్యి చాపుతుంది. రామగుండం రైల్వే స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటారు. ఆరేడేళ్ల పిల్ల వచ్చి చొక్కా పట్టుకొని లాగుతుంది. ఇవ్వాలా, వద్దా? మనలో సగం మంది జేబులో చిల్లర వెతుకుతారు. మిగతా సగం మంది ఫోన్ చూస్తున్నట్టు నటిస్తారు. ఇస్తే మోసపోయామేమో అని డౌటు, ఇవ్వకపోతే పాపమేమో అని బాధ.

ముందే చెప్పేస్తున్నా, అందరికీ ఒకటే జవాబు వెతకడం వల్లే మనకి ఈ తికమక. చిన్నపిల్లలు అడిగితే ఒక జవాబు, ముసలోళ్లు అడిగితే ఇంకో జవాబు, వయసులో ఉన్నవాళ్లు అడిగితే మరో జవాబు. ఒక్కొక్కటీ చూద్దాం.

అంతకంటే ముందు, మనం రోజూ వినే ఒక మాట సంగతి చూద్దాం. "వాళ్లకి పైసలిస్తే తాగేస్తారు." తాగేవాళ్లు ఉండరా అంటే ఉంటారు. కానీ పేదోళ్ల చేతికి డబ్బు ఇస్తే తాగుడుకే పోతుందా అని ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఇద్దరు పరిశోధకులు, ఈవాన్స్, పొపోవా, చాలా దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను దగ్గర పెట్టుకొని చూశారు. నగదు ఇవ్వడం వల్ల మద్యం, సిగరెట్ల ఖర్చు పెరిగినట్టు కనపడలేదు. అవి ప్రభుత్వాలు, సంస్థలు కుటుంబాలకి ఇచ్చిన డబ్బుల లెక్కలు, రోడ్డు మీద బిచ్చం లెక్క కాదు. అయినా "పేదోడి చేతిలో డబ్బు పెడితే తాగుడుకే" అనే మాటకి మన దగ్గర అనుమానం తప్ప రుజువు లేదని అర్థమవుతుంది. "బిచ్చగాడి దగ్గర లక్షలు దొరికాయి" అనే వార్త వైరల్ అయ్యేది కూడా అది అరుదు కాబట్టే. రోజూ జరిగేదైతే అసలు వార్తే కాదు కదా.

సరే, "చట్టం ఉంది కదా, ప్రభుత్వం చూసుకోవాలి" అంటారా? చట్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లోనే భిక్షాటన నివారణ చట్టం వచ్చింది. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది, ఇవాంకా ట్రంప్ వచ్చింది, గుర్తుందా? దానికి కొన్ని వారాల ముందు సిటీలో రోడ్ల మీద అడుక్కోవడాన్ని రెండు నెలల పాటు నిషేధించారు. దొరికినవాళ్లని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల దగ్గర పెట్టిన ఆనందాశ్రమాలకి తరలించారు. బిచ్చగాళ్ల సమాచారం ఇస్తే 500 రూపాయలు ఇస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. మరి ఇప్పుడు హైదరాబాద్ సిగ్నల్స్ దగ్గర ఎవరూ అడుక్కోవట్లేదా? మీరే చెప్పండి.

ఇండోర్ ఇంకో అడుగు ముందుకేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ బిచ్చం వేసిన వాళ్ల మీదే కేసు పెడతామని ప్రకటించారు. ఇంకోవైపు కోర్టులు వేరే మాట అంటున్నాయి. ఢిల్లీలో అడుక్కోవడాన్ని నేరంగా చూసిన సెక్షన్లను ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో కొట్టేసింది. 2021 జులైలో, కరోనా టైమ్‌లో, బిచ్చగాళ్లని రోడ్ల మీద లేకుండా చేయాలని సుప్రీంకోర్టుకి పిటిషన్ వెళ్తే, అలాంటి ఆదేశం ఇవ్వలేమని చెప్పింది. వేరే దారి ఉంటే ఎవరూ అడుక్కోరు, ఇది పేదరికం సమస్య అన్నది. మన పెద్దవాళ్లు దీన్ని ఎప్పుడో ఒక సామెతలో చెప్పారు: అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. తిండికి దారి చూపకుండా అడుక్కోవద్దంటే అదే అవుతుంది.

ఇప్పుడు మన ఊరికొద్దాం. "ఒళ్లొంచి పని చేసుకోవచ్చు కదా" అని చాలా ఈజీగా అనేస్తాం. కోల్ బెల్ట్‌లో పని లెక్క ఏంటో ఒకసారి చూడండి. 1990ల మొదట్లో సింగరేణిలో పర్మనెంట్ కార్మికులు లక్షకు పైనే. ఇప్పుడు దాదాపు 40 వేలు. 2025లో దసరా ముందు ప్రకటించిన లాభాల వాటాలో పర్మనెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. అదే గనుల్లో చేసే కాంట్రాక్ట్ కార్మికుడికి 5,500. ఊరు ఒకటే, బొగ్గు ఒకటే. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడితే, ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ ఉత్పత్తి మొదలయ్యే సరికి 2021 వచ్చింది. అంటే ఇరవై ఏళ్లకు పైనే. చౌరస్తాలో కూర్చున్న వాళ్లంతా ఈ కార్మికుల ఇళ్లవాళ్లే అని నేను అనట్లేదు. క్వార్టర్, ఆస్పత్రి, పెన్షన్ ఉన్న ఇంటికీ, అవేవీ లేని ఇంటికీ ఈ ఊళ్లో చాలా తేడా ఉంది. రెండో రకం ఇంట్లో సంపాదించే ఒక్కరు మంచాన పడితే చాలు, ఆ ఇంటి ముసలోళ్లు రోడ్డున పడటానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక మన మూడు జవాబులు.

ఒకటి, చిన్నపిల్లలు. వీళ్లకి పైసలు వద్దు. చెప్పడానికి కష్టంగా ఉంది, కానీ లెక్క చూడండి. పసిపిల్ల మొహం చూస్తే మనం తొందరగా కరిగిపోతాం. పెద్దవాళ్ల కంటే పిల్లకే ఎక్కువ వస్తాయి. ఎక్కువ వస్తున్నంత కాలం ఆ పిల్లని బడికి పంపాలని వెనకున్న వాళ్లకి అనిపించదు, అది సొంత అమ్మానాన్నలైనా, వేరే ఎవరైనా. మన పది రూపాయలు ఆ పిల్లని మళ్లీ రేపు అదే ప్లాట్‌ఫామ్ మీదికి తీసుకొస్తాయి. బిస్కెట్ ప్యాకెట్టో, అరటిపండో ఇచ్చి అక్కడే తినమనండి. తర్వాత 1098కి కాల్ చేయండి. అది చైల్డ్ హెల్ప్‌లైన్, ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది. ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంతమంది పిల్లలు, ఏ రంగు బట్టలు, ఇవి చెప్తే చాలు. మన పోలీసులు ప్రతి జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పిల్లల్ని రక్షిస్తారు. మీ కాల్‌కి మాత్రం జనవరి దాకా ఆగాల్సిన పని లేదు. పిల్లలతో అడుక్కునేలా చేస్తే జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడొచ్చు.

రెండు, ముసలోళ్లు, వికలాంగులు. వీళ్లకి ఇవ్వండి. ఎక్కువ ఆలోచించకండి. డెబ్బై ఏళ్ల తాతని "పని చేసుకోవచ్చు కదా" అని అడగలేం. అపాత్రదానం అని భయపడేవాళ్లకి ఒక మాట. పది మందికి ఇచ్చినప్పుడు ఇద్దరు మోసం చేశారే అనుకోండి, మనకి పోయింది ఇరవై రూపాయలు. ఆ ఇద్దరి మీద కోపంతో మిగతా ఎనిమిది మందికీ మానేస్తే, వాళ్లకి పోయేది ఆ పూట తిండి.

అయితే ఇక్కడ అసలు విషయం ఇంకోటుంది. మీరు ఒక అవ్వకి రోజూ పది రూపాయలు ఇచ్చారనుకోండి, నెలకి 300. తెలంగాణలో వృద్ధాప్య పెన్షన్ నెలకి 2,016 రూపాయలు. దాదాపు ఏడు రెట్లు. ఏడాదికి 24,192. అందుకే చిల్లర ఇచ్చేటప్పుడు ఒక ప్రశ్న కూడా అడగండి: "అవ్వా, నీకు పెన్షన్ వస్తుందా? ఆధార్ ఉందా? రేషన్ కార్డు ఉందా?" చాలామందికి ఆగిపోయేది ఈ కాగితాల దగ్గరే. అడ్రస్ ఉండదు, ఫోన్ నంబర్ ఉండదు, వేలిముద్ర పడదు. ఆఫీసుకి వెళ్తే "రేపు రా" అంటే తిరిగి వెళ్లే ఓపిక ఉండదు. మీకు ఫోన్ ఉంది, చదువు ఉంది, బండి ఉంది. ఒక సగం పూట పెట్టి మీసేవకో, మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసుకో తీసుకెళ్లండి. సోమవారం పెద్దపల్లి కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ అర్జీ రాసిపెట్టండి. వెంటనే మంజూరు అవుతుందని చెప్పను, నెలలు పట్టొచ్చు. కానీ వస్తే మాత్రం మీరు ఊరు మారిపోయినా ప్రతి నెలా వాళ్లకి అందుతూనే ఉంటుంది. ఇంట్లోంచి గెంటేసిన ముసలోళ్లయితే 14567, వృద్ధుల హెల్ప్‌లైన్, దానికి కాల్ చేయండి.

మూడు, వయసులో ఉన్నవాళ్లు. ఇది మీ ఇష్టం. ఇవ్వకపోతే మీరేం తప్పు చేసినట్టు కాదు. ఆకలి అంటే టిఫిన్ పెట్టించండి, మందుల చీటీ చూపిస్తే మెడికల్ షాపుకి వెళ్లి మీరే కొనివ్వండి. కానీ ఒకటి గమనించండి. తనలో తాను మాట్లాడుకుంటూ, ఒంటి మీద సరిగ్గా బట్టలు లేకుండా తిరిగే వాళ్లని బిచ్చగాళ్ల లెక్కలో వేయొద్దు. వాళ్లు పేషెంట్లు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి వాళ్లని రక్షణలోకి తీసుకొని ఆస్పత్రికి చేర్చే బాధ్యత పోలీసులది. 112కి ఫోన్ చేసి చెప్పండి.

ఆఖరిగా రెండు మాటలు. ఇచ్చినా, ఇవ్వకపోయినా మొహం చూసి చెప్పండి. "లేదవ్వా" అనడానికి ఒక్క సెకను చాలు. ఈగని తోలినట్టు చెయ్యి ఊపడం కంటే అదే నయం. రెండోది, సాయం చేస్తూ రీల్ తీయకండి. వంద రూపాయలిచ్చి వాళ్ల మొహాన్ని లక్ష మందికి చూపిస్తే, ఆ బేరంలో లాభం మనదే అవుతుంది. ఆ అవ్వకి కూడా ఎక్కడో ఒక కూతురో, మనవడో ఉండొచ్చు. తను చెయ్యి చాపిన వీడియో వాళ్ల ఫోన్‌కి చేరాలని ఏ అవ్వా కోరుకోదు.

1098, 14567, 112. ఈ మూడు నంబర్లూ ఇప్పుడే సేవ్ చేసుకోండి. రేపు చౌరస్తాలో ఎవరైనా చెయ్యి చాపినప్పుడు జేబులో చిల్లర లేకపోయినా, ఫోన్ ఉంటుంది కదా.