వార్తల్లో పదం: పేరెంటల్ కన్సెంట్

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలు తీసుకునే ముందు కంపెనీ అమ్మానాన్నల అనుమతి పొందాలి. ఆ అనుమతి ఇచ్చింది నిజంగా పెద్దవాళ్లేనని తేల్చుకోవాలి కూడా. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023లోని 9వ సెక్షన్ సారం ఇది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దీని అమలుకు 18 నెలల గడువిచ్చారు. తుపాకుల గేములకూ ఇది వర్తిస్తుంది.

సినిమాకు ‘ఎ’ సర్టిఫికెట్ ఉన్నట్టు గేములకు మన దగ్గర సెన్సార్ ముద్ర లేదు. 2020 సెప్టెంబరు 2న పబ్జీ సహా 118 యాప్‌లను కేంద్రం నిషేధించింది నిజమే. చూపిన కారణం మాత్రం దేశ భద్రత, హింస కాదు. అమెరికాలోనూ హింస పేరిట ఆంక్ష నిలవలేదు: హింసాత్మక గేములు మైనర్లకు అమ్మరాదన్న కాలిఫోర్నియా చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2011లో 7-2 మెజారిటీతో కొట్టేసింది.

అలా పిల్లల్ని కాచుకునే భారమంతా ఇంటి మీదికొచ్చింది. మరి సముద్ర తీరంలోని మైపాడులోనో జువ్వలదిన్నెలోనో నాన్న బోటెక్కి వేటకు పోతే? ఆయన పేరు మీది సిమ్ పిల్లాడి చేతిలోని ఫోన్‌లోనే ఉంటుంది. అనుమతి కోసం ఓటీపీ వచ్చేదీ దానికే, కొట్టేదీ వాడే! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గనుక ఆ రెండు నెలలు నాన్న ఇంటిపట్టున ఉంటాడు, బడి సెలవులూ చాలావరకు అప్పుడే. మిగతా ఏడాది సంగతేమిటి? ఓటీపీతో సరిపెట్టే కన్సెంట్ ఉత్త తంతు.

ఈలోగా ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి పిన్ పెట్టండి. ఆ పిన్ పిల్లల పుట్టినతేదీ మాత్రం కాకుండా చూసుకోండి.